డిస్‌ప్లే రాని డెస్క్‌టాప్: ఎక్కడ ఆగిందో పట్టుకోవడం

1981 ఆగస్టులో ఐబీఎం తన తొలి పర్సనల్ కంప్యూటర్‌ను మార్కెట్లోకి తెచ్చినప్పుడు దానికో పద్ధతి నేర్పి పంపింది. స్విచ్ వేయగానే ఆ యంత్రం పనిలోకి దిగదు. ముందు తన మెమరీని, కీబోర్డును, డ్రైవులను ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటుంది. అన్నీ సవ్యంగా ఉంటే ఒక పొట్టి బీప్ కొడుతుంది. తేడా కనబడితే తెర మీద ఒక అంకె వేస్తుంది. 201 అంటే మెమరీ, 301 అంటే కీబోర్డు, 601 అంటే ఫ్లాపీ డ్రైవు. హార్డ్‌డిస్కు ఉన్న మోడళ్లు వచ్చాక 1701 కూడా ఆ జాబితాలో చేరింది. ఈ స్వీయపరీక్ష పేరు పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్. మెకానిక్‌లు పొట్టిగా ‘పోస్ట్’ అంటారు.

నలభై ఏళ్లు దాటిపోయాయి. ఫ్లాపీలు పోయాయి, ఆ అంకెలూ పోయాయి, పద్ధతి మాత్రం అలాగే ఉంది. ఇవాళ్టి డెస్క్‌టాప్ కూడా ఆన్ చేసిన ప్రతిసారీ తనను తాను పరీక్షించుకున్నాకే విండోస్‌కు దారి ఇస్తుంది. ఎక్కడైనా ఆగిపోతే ఆ సంగతి బీప్‌తోనో, రంగు లైటుతోనో, నల్లటి తెర మీద ఒక తెల్లటి వాక్యంతోనో చెబుతుంది.

ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఆ మాట వినేవాళ్లు తక్కువ. డిస్‌ప్లే రాకపోతే చుట్టూ చేరినవాళ్లు రెండే తీర్పులు ఇస్తారు: ‘మదర్‌బోర్డు పోయినట్టుంది’ లేదా ‘ఫార్మాట్ కొట్టించాలి’. మొదటిది జేబుకు బరువు, రెండోది ఫైళ్లకు ముప్పు. హార్డ్‌డిస్కు దాకా రాకముందే ఆగిపోయిన కంప్యూటర్‌కు ఫార్మాట్ వల్ల ఒరిగేదేమీ ఉండదు. ఫైళ్లు పోతాయి, రోగం అక్కడే ఉంటుంది.

యంత్రం లేచే వరస

మీట నొక్కిన దగ్గర నుంచి విండోస్ గుర్తు కనబడేదాకా జరిగే పనులకు ఒక వరస ఉంది. అది తెలిస్తే సగం పని అయినట్టే.

గోడ ప్లగ్గులో కరెంటు ఉంటే చాలు, క్యాబినెట్ ఆఫ్‌లో ఉన్నా ఎస్‌ఎంపీఎస్ (లోపలి కరెంటు సరఫరా డబ్బా) నుంచి మదర్‌బోర్డుకు 5 వోల్టులు సన్నగా అందుతూనే ఉంటాయి. మీట నొక్కడమంటే బోర్డుకు కబురు పెట్టడమే. ఆ కబురు అందుకుని బోర్డు ఎస్‌ఎంపీఎస్‌ను లేపుతుంది. అప్పుడు 12, 5, 3.3 వోల్టుల సరఫరాలు మొదలవుతాయి. అవి నిలకడకు వచ్చాక, అంటే సుమారు 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపల, ఎస్‌ఎంపీఎస్ ‘పవర్ గుడ్’ అనే సంకేతం పంపుతుంది. ఆ సంకేతం వచ్చేదాకా బోర్డు ప్రాసెసర్‌ను రీసెట్‌లోనే పట్టి ఉంచుతుంది. వచ్చాక ప్రాసెసర్ బయోస్ చిప్ నుంచి తొలి ఆదేశం చదువుతుంది. తర్వాత ర్యామ్‌ను గుర్తుపట్టి సిద్ధం చేస్తుంది. ఆపైన గ్రాఫిక్స్‌ను లేపుతుంది. తెర మీదికి మొదటి అక్షరం వచ్చేది ఇక్కడే. ఆ వెనక కీబోర్డు, డిస్కులు. చివరగా డిస్కులోంచి బూట్ ఫైళ్లు చదివి పగ్గాలు విండోస్‌కు అప్పగిస్తుంది.

ఈ వరస నుంచే ఒక ముఖ్యమైన సంగతి తేలుతుంది. గ్రాఫిక్స్ లేవకముందు వచ్చే ఏ తప్పునూ యంత్రం తెర మీద చూపలేదు. అందుకే ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లోపాలకు బీప్‌లు, లైట్లు పెట్టారు. తెర మీద ఒక్క వాక్యం కనబడిందంటే ఆ మూడూ చాలావరకు పని చేస్తున్నట్టే లెక్క.

కాబట్టి ‘ఏం పోయింది?’ అని మొదలుపెడితే దారి దొరకదు. ‘ఎంతవరకు వచ్చింది?’ అని అడగాలి. ఊళ్లో కరెంటు పోతే లైన్‌మన్ ఏ స్తంభం దాకా సరఫరా వచ్చిందో చూసుకుంటూ పోయినట్టే ఇదీ. అలా చూస్తే స్టార్టప్ లోపాలన్నీ నాలుగు గుంపుల్లోకి వస్తాయి: అసలు ప్రాణమే లేకపోవడం, ఫ్యాన్లు తిరుగుతున్నా డిస్‌ప్లే రాకపోవడం, తెర మీద ఏదో ఎర్రర్ వచ్చి ఆగిపోవడం, విండోస్ మొదలై మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవడం.

మూత తీసే ముందు

ప్లగ్గు పీకేయాలి. తర్వాత పవర్ మీటను పది సెకన్ల పాటు నొక్కి పట్టుకుంటే బోర్డులో మిగిలిన ఛార్జి చాలావరకు దిగిపోతుంది. లోపల చెయ్యి పెట్టే ముందు రంగు వేయని ఇనుప భాగాన్ని ఒకసారి తాకాలి. ఒంట్లోని స్టాటిక్ విద్యుత్తు చిప్‌ల మీదికి దూకకుండా ఉండటానికే ఈ జాగ్రత్త. ఏ కేబులు ఎక్కడ ఉందో సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటే తిరిగి పెట్టేటప్పుడు తడుముకోనక్కర్లేదు.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు తీసినా దాని లోపలి కెపాసిటర్లు ప్రమాదకరమైన వోల్టేజీని పట్టి ఉంచగలవు.

ఇంకో కట్టుబాటు కూడా అవసరం. ఒకసారికి ఒకే మార్పు. ర్యామ్ మార్చి, కేబుల్ మార్చి, బయోస్ రీసెట్ చేసి, ఆపైన ఆన్ చేస్తే కంప్యూటర్ లేవవచ్చు. కానీ దేనివల్ల లేచిందో తెలియదు. వారం తర్వాత అదే తంటా వస్తే మళ్లీ మొదటికే రావాలి. ముందు ఖర్చు లేని పరీక్షలు, తర్వాత పదుల రూపాయల వస్తువులు, ఆ రెండూ అయ్యాకే వేల రూపాయల భాగాల మీద అనుమానం.

అసలు ప్రాణమే లేకపోతే

మీట నొక్కితే లైటు లేదు, ఫ్యాన్ లేదు. అనుమానం గోడ దగ్గరే మొదలవ్వాలి. అదే ప్లగ్గులో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడాలి. స్పైక్ బస్టర్ స్విచ్, ఎస్‌ఎంపీఎస్ వెనక ఉండే చిన్న స్విచ్ చూడాలి. యూపీఎస్ ఉంటే దాన్ని పక్కన పెట్టి నేరుగా గోడకు కలపాలి. బ్యాటరీ చచ్చిన యూపీఎస్ కొన్నిసార్లు మామూలు కరెంటును కూడా ముందుకు పంపదు. చాలా మానిటర్లకూ క్యాబినెట్‌కూ ఒకే రకం పవర్ కేబుల్ సరిపోతుంది కాబట్టి ఆ రెంటినీ అటూ ఇటూ మార్చి చూడటం నిమిషం పని.

తర్వాతి అనుమానం ముందువైపు మీట మీద. రోజూ నొక్కించుకునే ప్లాస్టిక్ భాగం అది, అరిగిపోతుంది. దాని నుంచి వచ్చే రెండు సన్నని తీగలు మదర్‌బోర్డు అంచున రెండు పిన్నులకు తగిలించి ఉంటాయి. వాటిని తీసి, రీసెట్ బటన్ తీగలను అక్కడ తగిలించి, రీసెట్ నొక్కి చూడాలి. కంప్యూటర్ లేచిందంటే పోయింది మీట మాత్రమే. కొత్త మీట దొరికేదాకా రీసెట్ బటన్‌తోనే నడిపించుకోవచ్చు.

అప్పటికీ కదలకపోతే ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా పరీక్షించవచ్చు. ఇంటెల్ 1995లో ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం మదర్‌బోర్డుకు వెళ్లే పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగ ఒక్కటే ఉంటుంది. ప్లగ్గు తీసి ఉండగా ఆ కనెక్టర్‌ను బోర్డు నుంచి విడదీసి, ఆకుపచ్చ తీగ రంధ్రాన్నీ ఏదో ఒక నల్ల తీగ రంధ్రాన్నీ పేపర్ క్లిప్పుతో కలిపి, ఆపైన ప్లగ్గు పెట్టి ఆన్ చేస్తే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరగాలి. తీగలన్నీ నల్లగా ఉండే మోడళ్లలో 24 పిన్నుల కనెక్టర్‌లోని 16వ పిన్ను అది. ఖరీదైన కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లలో లోడు తక్కువగా ఉంటే ఫ్యాన్ తిరగదు. కంపెనీ డెస్క్‌టాప్‌లు కొన్నింటిలో కనెక్టరే వేరుగా ఉంటుంది. వాటి మీద ఈ పరీక్ష చేయకూడదు.

ఫ్యాన్ తిరిగినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టు కాదు. కంప్యూటర్‌కు కలిపి ఉన్నప్పుడు మల్టీమీటరుతో చూస్తే 12 వోల్టుల లైను 11.4కీ 12.6కీ మధ్య, 5 వోల్టుల లైను 4.75కీ 5.25కీ మధ్య ఉండాలి. ప్రమాణం ఇచ్చిన వెసులుబాటు అటూ ఇటూ ఐదు శాతమే. ఉత్తప్పుడు సరిగ్గా ఉండి, లోడు పడగానే ఈ గీత దాటితే ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సిందే.

ఒక్క క్షణం ఫ్యాన్ కదిలి ఆగిపోవడం ఇంకో రకం. ఎక్కడో షార్ట్ అవుతోందని ఎస్‌ఎంపీఎస్ తనంతట తానే ఆగిపోతుంది. బోర్డు కింద జారిపడిన స్క్రూ, నలిగిన యూఎస్‌బీ పోర్టు, కాలిన గ్రాఫిక్స్ కార్డు ఇలా చేయగలవు. అన్నీ తీసేసి ఒక్కొక్కటే కలుపుతూ పోతే దొంగ దొరుకుతాడు.

పాత యంత్రాల్లో బోర్డు మీది కెపాసిటర్లను కూడా ఒకసారి చూడాలి. చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే వీటి నెత్తి చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు మడ్డి కారినా అవి పోయినట్టే. 2000 తర్వాతి తొలి ఏళ్లలో నాసి కెపాసిటర్లు ప్రపంచమంతటా ఎన్నో కంపెనీల బోర్డుల్లోకి చేరాయి. డెల్ కంపెనీ తన ఆప్టిప్లెక్స్ డెస్క్‌టాప్‌ల మరమ్మతుల కోసం 2005లో 30 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకోవాల్సి వచ్చింది. ఇప్పటి బోర్డుల్లో ఎక్కువగా ఘన కెపాసిటర్లు వాడుతున్నారు. చవక ఎస్‌ఎంపీఎస్‌లలో మాత్రం పాత రకానివి ఇంకా కనబడతాయి.

ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగా ఉంటుంది

మెకానిక్‌ల దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో బాగా పరిచయమైనది ఇదే. వాళ్ల మాటల్లో ‘నో డిస్‌ప్లే’.

మొదట మానిటర్‌ను విచారించాలి. ‘నో సిగ్నల్’ అని చూపిస్తోందంటే మానిటర్ బతికే ఉంది, దానికి బొమ్మ అందడం లేదు. మానిటర్ మెనూలో వీజీఏ ఎంచుకుని ఉండగా కేబుల్ హెచ్‌డీఎంఐలో ఉన్నా ఇదే మాట చూపిస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి, బోర్డు మీది పోర్టుకు కాదు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. బోర్డు మీది పోర్టుకు ఎన్నిసార్లు తగిలించినా బొమ్మ రాదు.

కీబోర్డు మీది నమ్ లాక్ మీట ఇక్కడ మంచి సాక్షి. నొక్కినప్పుడల్లా దాని లైటు వెలిగి ఆరుతుంటే యంత్రం లోపల చాలా దూరం వచ్చేసింది, లోపం డిస్‌ప్లే వైపే ఉంది. లైటు ఉలకకపోతే యంత్రం అంతకు ముందే ఎక్కడో ఆగి ఉండవచ్చు.

అలా ఆగితే మొదటి ముద్దాయి ర్యామ్. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అయినా, మండల కేంద్రంలోని చిన్న షాపులో అయినా మెకానిక్ చెయ్యి ముందు దాని మీదికే వెళుతుంది. దుమ్ము, తేమ, వేడికి వ్యాకోచించి చల్లారడం, టేబుల్ జరిపినప్పటి కుదుపు వీటి వల్ల ర్యామ్ అంచున ఉండే బంగారు పూత పళ్లకూ స్లాటుకూ మధ్య కాంటాక్టు చెడుతుంది. ర్యామ్‌ను తీసి, పళ్లను పెన్సిల్ రబ్బరుతో సుతారంగా రుద్ది, రబ్బరు పొడి అంతా బ్రష్షుతో దులిపి, క్లిప్పు ‘టక్’మనేదాకా నొక్కి పెట్టాలి. గరుకు కాగితం వాడితే పూతే లేచిపోతుంది. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కోదాన్ని విడిగా పెట్టి చూడాలి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఒకే ర్యామ్ పెడితే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో పెట్టమని చాలా కంపెనీలు చెబుతాయి.

కొత్తగా ర్యామ్ కొన్నప్పుడు రకం సరిచూసుకోవాలి. డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. డీడీఆర్5కి కూడా 288 పిన్నులే ఉన్నా మధ్యలోని గాడి వేరేచోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది. డీడీఆర్5 వాడే యంత్రం తొలిసారి ఆన్ అయినప్పుడు, ర్యామ్ మార్చినప్పుడు, బయోస్ రీసెట్ చేసినప్పుడు మెమరీని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్ల తెరతోనే ఉండిపోవచ్చు. అది లోపం కాదు. తొందరపడి ఆపేస్తే ఆ పని మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది.

ఇక బీప్‌ల సంగతి. వీటికి ప్రపంచమంతటా చెల్లే ఒకే నిఘంటువు లేదు, బయోస్ తయారీదారును బట్టి అర్థం మారుతుంది. ఏఎంఐ బయోస్‌లో ఒకటి నుంచి మూడు బీప్‌లు మెమరీ వైపు, ఐదు ప్రాసెసర్ వైపు, ఎనిమిది డిస్‌ప్లే మెమరీ వైపు వేలు చూపిస్తాయి. అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు బీప్, వెంటనే రెండు పొట్టివి వస్తే గ్రాఫిక్స్. ఆగకుండా మోగుతుంటే ఎక్కువగా ర్యామ్. ఇప్పటి క్యాబినెట్లలో చాలావాటికి స్పీకరే ఉండదు. అంగుళమంత స్పీకర్ ఒకటి కొని బోర్డు మీది నాలుగు పిన్నులకు తగిలిస్తే మూగయంత్రానికి గొంతు వస్తుంది.

కొత్త బోర్డుల్లో బీప్‌ల స్థానాన్ని నాలుగు చిన్న లైట్లు తీసుకున్నాయి. వాటి పక్కన సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసి ఉంటుంది. ఆన్ చేయగానే ఒక్కొక్కటే వెలిగి ఆరుతుంది. ఆరకుండా మిగిలిన లైటే యంత్రం ఆగిన చోటు. డెల్ డెస్క్‌టాప్‌లలో పవర్ మీటే రెండు రంగుల్లో మిణుకుతుంది. ఆప్టిప్లెక్స్ మోడళ్లలో రెండుసార్లు కాషాయం, మూడుసార్లు తెలుపు వస్తే ర్యామ్ కనబడలేదని అర్థం. హెచ్‌పీ యంత్రాల్లో ఎర్రగా పొడుగు మిణుకులు, తెల్లగా పొట్టి మిణుకులు వస్తాయి. రెండింటినీ లెక్కపెట్టి రాసుకుని ఆ మోడల్ మాన్యువల్‌లో చూసుకోవాలి.

బీపూ లేదు, లైటూ లేదు అనుకుంటే చివరి మార్గం యంత్రాన్ని కనీస రూపానికి తేవడం. పెన్‌డ్రైవులు, ప్రింటర్, వెబ్‌క్యామ్, హార్డ్‌డిస్కులు, అదనపు కార్డులు అన్నీ తీసేయాలి. ఎస్‌ఎంపీఎస్, బోర్డు, కూలర్‌తో సహా ప్రాసెసర్, ఒక్క ర్యామ్ మిగలాలి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కార్డు కూడా అక్కర్లేదు. ఈ రూపంలో డిస్‌ప్లే వచ్చిందంటే లోపం తీసి పక్కన పెట్టిన వాటిలోనే ఉంది. రాకపోతే మిగిలిన నాలుగింటిలో ఉంది. ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే విడి కనెక్టర్‌ను, నాలుగు లేదా ఎనిమిది పిన్నులది, మరిచిపోవడం సొంతంగా కంప్యూటర్ కట్టుకునేవాళ్లలో మామూలే. ఫ్యాన్లు తిరుగుతూ డిస్‌ప్లే రాకపోవడానికి అదీ ఒక కారణం.

తెర మీద వాక్యం వచ్చి ఆగితే

ఇక్కడిదాకా వచ్చిందంటే యంత్రమే రోగం పేరు చెబుతోంది. చదవడమే మిగిలింది. ఫొటో తీసుకోకుండా ఏ మీటా నొక్కకూడదు.

‘సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్’ అని వచ్చి, తేదీ ఏళ్లు వెనక్కి పోయి ఉంటే బోర్డు మీది సెల్ అయిపోయింది. సీఆర్2032 అనే ఈ బిళ్ల 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. కొద్ది పదుల రూపాయలకే దొరుకుతుంది. చిక్కంతా సెల్ మార్చాక వస్తుంది. బయోస్ సెట్టింగులు ఫ్యాక్టరీ రూపానికి వెళ్లిపోతాయి. అంతకుముందు డిస్కు కంట్రోలర్ రైడ్ పద్ధతిలో ఉండి, ఇప్పుడు ఏహెచ్‌సీఐకి మారితే, లేదా అటుది ఇటైతే, విండోస్ తన డిస్కును తానే గుర్తుపట్టలేక ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని నీలి తెర వేస్తుంది. అది చూసి హార్డ్‌డిస్కు పోయిందనుకుని ఫార్మాట్‌కు సిద్ధపడతారు. బయోస్‌లో ఆ ఒక్క సెట్టింగును పాత స్థితికి మారిస్తే చాలు, విండోస్ లేస్తుంది. అందుకే సెల్ తీసే ముందు బయోస్ పేజీలు తెరుచుకునే స్థితిలో ఉంటే వాటిని ఫొటో తీయాలి. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న యంత్రమైతే దాని రికవరీ కీ కూడా చేతిలో ఉండాలి. బయోస్‌లో మార్పు జరిగితే విండోస్ ఆ కీ అడగవచ్చు.

‘సీపీయూ ఫ్యాన్ ఎర్రర్’ అంటే ప్రాసెసర్ ఫ్యాన్ తిరగడం లేదు, లేదా దాని వైరు ‘సీపీయూ ఫ్యాన్’ అని రాసి ఉన్న పిన్నులకు కాక పక్క పిన్నులకు తగిలించారు. ఎఫ్1 నొక్కితే ముందుకు పోనిస్తుంది కాబట్టి రోజూ అది నొక్కి పని చేసుకునేవాళ్లు ఉంటారు. ఫ్యాన్ నిజంగానే ఆగి ఉంటే కొద్ది నిమిషాల్లో ప్రాసెసర్ వేడెక్కి యంత్రం ఆరిపోతుంది. కీబోర్డు దొరకలేదని చెబుతూ ఎఫ్1 నొక్కమనే సందేశం పాత బయోస్‌లలో ఉండేది. లేని కీబోర్డులో మీట ఎలా నొక్కాలన్నది కంప్యూటర్ మనుషుల మధ్య పాత జోకు. ఇరుక్కుపోయిన మీటో, వదులైన ప్లగ్గో, తడిసిన కీబోర్డో ఆ సందేశానికి మామూలు కారణాలు.

‘రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్’, ‘డిస్క్ బూట్ ఫెయిల్యూర్’, ‘ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్’ అన్నీ ఒకే కుటుంబం. యంత్రం డిస్కు దాకా వచ్చింది, అక్కడ విండోస్ దొరకలేదు. ముందు తగిలించి ఉన్న పెన్‌డ్రైవులన్నీ పీకాలి. తర్వాత బయోస్ తెరిచి ఒక్కటే చూడాలి: జాబితాలో డిస్కు పేరు ఉందా, లేదా? ఉంటే హార్డ్‌వేర్ చాలావరకు బాగున్నట్టే. బూట్ వరస మారి ఉండవచ్చు, యూఈఎఫ్‌ఐ బదులు లెగసీ పడి ఉండవచ్చు, లేదా బూట్ ఫైళ్లు చెడి ఉండవచ్చు. పేరే లేకపోతే సాటా కేబుల్, పవర్ కేబుల్, పోర్టు మార్చి చూడాలి. కొత్తగా ఎం.2 డిస్కు పెట్టాక పాత హార్డ్‌డిస్కు మాయమైందంటే బోర్డు మాన్యువల్ తీయాలి. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాటు నిండితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. కేబుల్‌ను పక్క పోర్టుకు మారిస్తే డిస్కు తిరిగి కనబడుతుంది.

‘స్మార్ట్ స్టేటస్ బ్యాడ్, బ్యాకప్ అండ్ రిప్లేస్’ అన్నది వీటన్నిటికన్నా గట్టి హెచ్చరిక. స్మార్ట్ అంటే డిస్కు తన ఆరోగ్యాన్ని తానే గమనించుకునే ఏర్పాటు. గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా హార్డ్‌డిస్కులను పరిశీలించి 2007లో ఒక అధ్యయనం వెలువరించారు. మొదటి స్కాన్ ఎర్రర్ కనబడిన డిస్కు ఆ తర్వాత 60 రోజుల్లో పోయే అవకాశం, ఎర్రర్ లేని డిస్కుతో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే అధ్యయనంలో ఇంకో సంగతీ ఉంది. పాడైన డిస్కుల్లో సగానికి పైగా, 56 శాతం, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచికల్లో ఏ హెచ్చరికా ఇవ్వకుండానే పోయాయి. హెచ్చరిక వస్తే ఆ రోజే ఫైళ్లు కాపీ చేసుకోవాలి. రాకపోయినా బ్యాకప్ ఉండాల్సిందే. డిస్కు లోపల ‘టిక్ టిక్’మని కొట్టుకుంటుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకూడదు. ప్రతిసారీ లోపలి పళ్లేల మీద కొత్త గీతలు పడే ప్రమాదం ఉంది.

విండోస్ గుర్తు వచ్చి మళ్లీ రీస్టార్ట్

ఈ రకంలో నేరస్థుడు సాఫ్ట్‌వేరో హార్డ్‌వేరో తేల్చడం కష్టం. కొత్త డ్రైవర్ వేశాక మొదలైతే సాఫ్ట్‌వేర్ మీద, వేళాపాళా లేకుండా రకరకాల నీలి తెరలు వస్తుంటే ర్యామ్ మీద, ఆట మొదలుపెట్టగానే ఆరిపోతుంటే వేడి మీద లేదా ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. విండోస్ ఈవెంట్ లాగ్‌లో ‘కెర్నెల్ పవర్ 41’ అని చూసి అదే కారణమనుకునేవాళ్లు ఉంటారు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా యంత్రం ఆగిందని మాత్రమే అది చెబుతుంది. ఎందుకు ఆగిందో చెప్పదు.

ర్యామ్‌ను తేల్చడానికి మెమ్‌టెస్ట్86 ఉంది. 1994లో క్రిస్ బ్రేడీ రాసిన ఈ ప్రోగ్రాం ఇప్పటికీ మెకానిక్‌ల పెన్‌డ్రైవుల్లో ఉంటుంది. విండోస్ అవసరం లేకుండా నేరుగా పెన్‌డ్రైవు నుంచి లేస్తుంది. రాత్రి పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి ఫలితం వస్తుంది. ఒక్క ఎర్రర్ కనబడినా ఏదో ఒకటి చెడినట్టే. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ పేరుతో ర్యామ్ వేగాన్ని పెంచి ఉంటే దాన్ని మామూలు స్థాయికి దించి మళ్లీ పరీక్షించాలి. ఎర్రర్లు పోతే ర్యామ్‌ను మార్చే పని ఉండకపోవచ్చు.

వేడి సంగతి తెలుగు నేల మీద ప్రత్యేకంగా చెప్పాల్సిందే. మే నెలలో గదిలోనే 40 డిగ్రీలు ఉంటే, దుమ్ము పేరుకున్న హీట్‌సింక్ కింద ప్రాసెసర్ ఊపిరాడక ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే ఆరిపోతుంది. వేసవికి ముందు ఒకసారి బ్లోయర్‌తో దుమ్ము కొట్టించడం, ఏళ్ల నాటి థర్మల్ పేస్ట్ ఎండి ఉంటే కొత్తది రాయించడం చవకైన మరమ్మతులు. బ్లోయర్ గాలికి ఫ్యాన్ గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

పార్టులన్నీ బాగున్నా యంత్రం చచ్చినట్టు పడి ఉండే సందర్భం కూడా ఉంది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ ఎన్నో దేశాల్లో కంప్యూటర్లను దెబ్బతీసింది. అది హార్డ్‌డిస్కులోని సమాచారాన్ని చెరపడంతో ఆగకుండా కొన్ని బోర్డుల్లో బయోస్ చిప్‌లోని ప్రోగ్రాంను కూడా పాడుచేసింది. ఏదీ కాలలేదు, ఏదీ విరగలేదు, అయినా తొలి ఆదేశమే లేక ప్రాసెసర్ కదలలేదు. బయోస్ అప్‌డేట్ చేస్తుండగా కరెంటు పోతే ఇప్పుడూ అదే స్థితి వస్తుంది. యూపీఎస్ లేకుండా బయోస్ జోలికి పోకూడదనేది అందుకే. కొత్త బోర్డుల్లో ‘బయోస్ ఫ్లాష్‌బ్యాక్’ అనే బటన్ ఉంటే పెన్‌డ్రైవు నుంచి బయోస్‌ను తిరిగి ఎక్కించవచ్చు, ప్రాసెసర్ లేకున్నా పని జరుగుతుంది.

షాపుకు పంపే ముందు

కాలిన వాసన, సాకెట్‌లో వంగిన ప్రాసెసర్ పిన్నులు, కొట్టుకుంటున్న హార్డ్‌డిస్కు, బోర్డు మీది చిప్ మార్చాల్సిన పని కనబడితే అక్కడితో ఆగి పనివాళ్లకు అప్పగించాలి. వారంటీలో ఉన్న కంపెనీ యంత్రమైతే మూత తీయడానికి ముందే షరతులు చదువుకోవాలి.

‘ఆన్ అవడం లేదు’ అని మాత్రమే చెప్పి ఇచ్చి వస్తే షాపులో మళ్లీ అన్నీ మొదటి నుంచి చూడాలి, ఆ సమయానికి బిల్లు పడుతుంది. దాని బదులు ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసి ఇవ్వవచ్చు. యంత్రం ఏ దశలో ఆగుతోంది. ఏ బీప్‌లు, ఏ లైట్లు వస్తున్నాయి. సమస్యకు ముందు ఏం మారింది: కొత్త పార్టా, ఉరుములతో కూడిన వానా, ఇల్లు మారడమా. ఇప్పటిదాకా ఏ పరీక్షలు చేశారు, వాటిలో ఏం తేలింది.

బోర్డు, ర్యామ్, డిస్కు, ఎస్‌ఎంపీఎస్ మీది సీరియల్ నంబర్లను ఫొటో తీసుకోవాలి. మార్చిన పాత పార్టును తిరిగి ఇవ్వమని ముందే చెప్పాలి. ఫైళ్లు ముఖ్యమైనవైతే డిస్కు విప్పి ఇంట్లో ఉంచుకుని మిగతాది పంపవచ్చు, డిస్‌ప్లే లోపానికి డిస్కు అవసరం ఉండదు. డిస్కుతోనే ఇవ్వాల్సి వస్తే రసీదు మీద ‘అడగకుండా ఫార్మాట్ చేయరాదు’ అని రాయించుకుని, దాని కింద షాపు ముద్ర వేయించుకోవాలి.